సూర్యుడికీ బ్యాటరీకీ నడుమ పెద్దమనిషి

(తృతీయ సంవత్సరం బి.యస్సి., గణిత భౌతిక రసాయన శాస్త్రాల విద్యార్థి)

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు తప్పించుకోవాలని చూశాను. కవిత్వం నాకు రాదు. కథ వ్రాసే నేర్పు లేదు. "నీకు తెలిసిందే వ్రాయవయ్యా" అన్నారు. నాకు తెలిసినవి రెండే: సేద్యం, కొంచెం ఫిజిక్సు. ఈ రెండూ కలిసిన చోట 2024 సెప్టెంబరులో మా ఇంట్లో ఒక నష్టం జరిగింది. దాని గురించే వ్రాస్తున్నాను. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివి మరచిపోయిన ఒక సిద్ధాంతం మా నాయన చేనులో ఎంత ఖరీదు చేసిందో తోటి విద్యార్థులకు తెలియజేయాలని నా కోరిక. తప్పులుంటే అధ్యాపకులు దిద్దవలెనని మనవి.

మాది కదిరి వైపు ఒక చిన్న పల్లె. వానాకాలంలో శెనక్కాయ వేస్తాము, నడుమ సాళ్ళలో కంది. కొండ దగ్గర కాబట్టి అడవిపందుల బాధ ఎక్కువ. కాయ ఊరే సమయానికి మందగా దిగి, ఒక్క రాత్రిలో చేనును మడక తోలినట్టు చేసిపోతాయి. కొందరు ఈ బాధ పడలేక కంచె తీగెకు నేరుగా ఇంటి కరెంటు తగిలిస్తారు. అది నేరం. పైగా పందికని పెట్టిన కరెంటు, నీళ్ళు కట్టడానికి పోయిన మనిషినే పొట్టన పెట్టుకుంటుంది. మా నాయనకు ఆ పని ఇష్టం లేదు. అందుకని 2023లో అప్పు చేసి సోలార్ కంచె వేయించినాడు. ఆ కంచె మిషను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. సెకనుకు ఇంచుమించు ఒక దెబ్బ చొప్పున కొన్ని వేల వోల్టులు తీగెలోకి పంపుతుంది గానీ, ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కాలం కూడా నిలవదు. కాబట్టి పంది బెదిరి పరుగెత్తుతుందే తప్ప చావదు.

అదే బ్యాటరీ మీద మోటారు షెడ్డులో రెండు 9 వాట్ల బల్బులు, ఒక చిన్న ఫ్యాను, ఫోను చార్జింగు. బ్యాటరీ 120 ఆంపియర్-అవర్లది, డిస్టిల్డ్ వాటర్ పోసే రకం. దానికి చార్జి ఎక్కించడానికి 250 వాట్ల సోలార్ ప్లేటు. పట్టణంలో ఒక అంగడాయన ఎవరి మిద్దె మీద నుంచో దించిన ప్లేటును చవకగా ఇచ్చి, ప్లేటుకూ బ్యాటరీకీ నడుమ పెట్టడానికి ఒక చిన్న పెట్టె ఇచ్చినాడు. దీనినే చార్జి కంట్రోలరు అంటారు. అరచేతి కన్నా కొంచెం పెద్దది. దాని మీద పెద్ద అక్షరాలతో "యం.పి.పి.టి." అని అచ్చు వేసి ఉంది. ఆ నాలుగక్షరాలకు మామూలు పెట్టెకు మూడింతల ధర తీసుకున్నాడు.

మొదటి ఏడు ఎట్లో గడిచింది. 2024 వానాకాలంలో తెల్లవారుజామున బల్బులు ఆరిపోవడం మొదలయింది. సెప్టెంబరులో వరుసగా వారం పది రోజులు మబ్బు. ఒక రాత్రి కంచె మిషను టిక్కుటిక్కుమనడం ఆగిపోయింది. పందులకు ఎవరు చెబుతారో తెలియదు గానీ ఆ రాత్రే పడ్డాయి. ముక్కాలెకరా పోయింది. పొద్దున నాయన ఫోను చేసి ఎక్కువ మాట్లాడలేదు. "నువ్వు చదివేది కరెంటే కదరా. ఆ పెట్టెకు ఏమొచ్చిందో వచ్చి చూడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకేమీ తెలియదు. ఓం నియమం నిరూపించమంటే నిరూపిస్తాను. పెట్టె విప్పితే మాత్రం నాకూ నాయనకూ తేడా లేదు. హాస్టలుకు తిరిగి వచ్చి మొదటి నుంచి చదువుకున్నాను. చదివినదాన్ని నాకు అర్థమైన వరుసలో చెబుతాను.

అసలు నడుమ పెట్టె ఎందుకు? ప్లేటు తీగెలు రెండూ తెచ్చి బ్యాటరీకి తగిలిస్తే చాలదా అని మా అవ్వ కూడా అడిగింది. చార్జి ఎక్కుతుంది, నిజమే. అయితే బ్యాటరీ నిండిన సంగతి ప్లేటుకు తెలియదు. ఎండ ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది. లెడ్ ఆసిడ్ బ్యాటరీ పేరుకు 12 వోల్టులే గాని, నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.7 దాకా, సగం ఉన్నప్పుడు 12.2 దగ్గర చూపుతుంది. 11.8 కన్నా దిగిందంటే ఖాళీ కిందే లెక్క. చార్జి ఎక్కేటప్పుడు 14.4 వరకు పోనీయవచ్చును. అక్కడ కొంతసేపు పట్టి ఉంచి, తర్వాత 13.6 దగ్గరకు దించి కాపాడవలెను. అట్లా పట్టి ఉంచేవారు లేకపోతే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోయి, బ్యాటరీ ఎండిపోయి, పలకలు బయటపడతాయి. ఇక రాత్రి పూట దీనికి తిరకాసుగా బ్యాటరీలోని కరెంటే వెనక్కు ప్లేటులోకి కారుతుంది. కాబట్టి పగలు ఎక్కువ పోకుండా, రాత్రి వెనక్కు రాకుండా చూసే పెద్దమనిషి ఒకడు కావాలి. వాడే ఈ కంట్రోలరు.

ఇంతవరకు ఏ రకమైనా చేసే పనే. తేడా వచ్చేది ప్లేటు స్వభావం దగ్గర.

సోలార్ ప్లేటు బ్యాటరీ వంటిది కాదు. బ్యాటరీ రెండు కొనలూ కలిపితే నిప్పులు చెరుగుతుంది. ప్లేటు కొనలు కలిపితే ఏమీ కాదు. తన గరిష్ఠ కరెంటు ఏదో అది పంపి ఊరుకుంటుంది. మా 250 వాట్ల ప్లేటు వెనుక అంటించిన కాగితం మీద ఇట్లా ఉంది: కొనలు కలిపితే 8.7 ఆంపియర్లు, కొనలు విడిగా ఉంటే 37.5 వోల్టులు. ఈ రెండు చోట్లా శక్తి సున్న. మొదటిచోట వోల్టేజి లేదు, రెండోచోట కరెంటు లేదు. 250 వాట్లు రావాలంటే ఈ రెంటికీ నడుమ ఒకే ఒక్క చోట నిలబడవలెను. అది 30.5 వోల్టులు, 8.2 ఆంపియర్లు. గుణించి చూడండి, 250 వస్తుంది. ఆ చోటు వదిలి అటు జరిగినా ఇటు జరిగినా శక్తి పడిపోతుంది.

దీన్ని నమ్మకం కుదిరేదాకా చూడాలని మన ఫిజిక్సు ల్యాబులో సార్‌ను అడిగి ఒక 20 వాట్ల చిన్న ప్లేటు, ఒక రియోస్టాటు తీసుకొని మేడ మీద ఎండలో పెట్టాను. రియోస్టాటు జరుపుతూ పోతే 12 వోల్టుల దగ్గర 1.1 ఆంపియర్లు, అనగా 13 వాట్లు. 16.5 వోల్టుల దగ్గర 1.03 ఆంపియర్లు, 17 వాట్లు. ఇంకాస్త జరిపి 18కి పోతే కరెంటు ఒక్కసారిగా 0.7కు కూలిపోయి మళ్ళీ 12.6 వాట్లే. గ్రాఫు గీస్తే సమంగా పోయి పోయి చివర బండరాయి అంచులాగా దిగిపోయింది. ఆ అంచు మీద నిలబడడమే విద్య. మనం రెండో సంవత్సరంలో చదివిన గరిష్ఠ శక్తి బదిలీ సిద్ధాంతం ఇదే మాట మరో విధంగా చెబుతుంది: ఇచ్చేవాడి స్వభావానికి తగిన నిరోధం తీసుకునేవాడి వైపు ఉంటేనే పూర్తి శక్తి చేతులు మారుతుంది. మా పెద్ద ప్లేటుకు అట్లా తగిన నిరోధం 30.5ని 8.2తో భాగిస్తే వచ్చే 3.7 ఓములు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మాత్రం దానికి ఒకటిన్నర ఓము మాదిరి కనిపిస్తుంది. సంబంధం కుదరలేదన్నమాట.

ఇప్పుడు రెండు రకాల పెట్టెలు చూద్దాం.

మొదటిది పి.డబ్ల్యు.యం. రకం. ఇది ఒట్టి స్విచ్చి. బ్యాటరీ ఆకలిగా ఉన్నంతసేపూ ప్లేటును బ్యాటరీకి నేరుగా కలిపి కూర్చుంటుంది. నిండే సమయానికి తలుపు వేయడం, తీయడం మొదలు పెడుతుంది, సెకనుకు ఎన్నో సార్లు. తొట్టి నిండబోయేటప్పుడు మనం గేటువాల్వు తిప్పి తిప్పి నీళ్ళు కొంచెం కొంచెంగా వదిలినట్టు. పద్ధతి మంచిదే, బ్యాటరీకి హాని లేదు, లోపల చెడిపోయే సామాను తక్కువ, ధర తక్కువ. లోపం ఒక్కటే. నేరుగా కలిపింది కాబట్టి ప్లేటు వోల్టేజి కూడా బ్యాటరీ వోల్టేజి దగ్గరకే దిగి రావాలి. మా ప్లేటు 30 దగ్గర నిలబడాల్సింది 13 దగ్గరకు దిగింది. కరెంటు మాత్రం 8.6 దాటదు. 13ను 8.6తో గుణిస్తే 112 వాట్లు. 250 వాట్ల ప్లేటు పెట్టి 112 తీసుకోవడం అంటే రెండెడ్ల బండికి ఒక ఎద్దును కట్టి రెండోదాన్ని వెనకాల నడిపించుకొని పోవడం.

రెండోది యం.పి.పి.టి. రకం. ఇది నిజంగా మధ్యవర్తి. ప్లేటును 30 దగ్గరే నిలబెట్టి అటువైపు శక్తి తీసుకుంటుంది, ఇటువైపు బ్యాటరీకి కావలసిన 13 దగ్గర అదే శక్తిని ఎక్కువ కరెంటుగా మార్చి ఇస్తుంది. దీనికి ట్రాక్టరు గేరు పోలిక సరిగ్గా సరిపోతుంది. దున్నేటప్పుడు వేగం తగ్గించి లాగుడు పెంచుకుంటాము. ఇంజను శక్తి అంతే, రూపం మారింది. ఇక్కడ వేగం స్థానంలో వోల్టేజి, లాగుడు స్థానంలో కరెంటు. ఈ గేరు పని చేసేది లోపలున్న ఒక తీగ చుట్ట. సెకనుకు పదుల వేల సార్లు స్విచ్చి వేస్తూ తీస్తూ, వేసినప్పుడు ఆ చుట్టలో శక్తిని అయస్కాంత క్షేత్రంగా దాచి, తీసినప్పుడు బ్యాటరీ వైపు వదులుతుంది. దారిలో సుమారు ఐదు శాతం వేడిగా పోతుంది, మిగతాది చేరుతుంది.

ఆ అంచు ఎక్కడుందో పెట్టెకు ఎట్లా తెలుస్తుంది? ఎండ మారితే, ప్లేటు వేడెక్కితే అంచు కూడా జరుగుతుంది కదా. మా అవ్వ దగ్గర ఒక పాత రేడియో ఉంది. స్టేషను కోసం మర అటు కొంచెం తిప్పుతుంది, గొంతు స్పష్టమైతే అటే పోతుంది, గరగర వస్తే వెనక్కు వస్తుంది. పెట్టెలోని చిన్న చిప్పు కూడా సరిగ్గా ఇదే పని రోజంతా చేస్తుంది. వోల్టేజిని కొంచెం జరిపి శక్తి పెరిగిందా తగ్గిందా లెక్క చూసుకుంటుంది. "వెతుకులాట" తప్ప ఇందులో పెద్ద రహస్యం లేదు.

ఇంత చదివాక నాకు అనుమానం వచ్చింది. మాది యం.పి.పి.టి. అయితే 250లో కనీసం 200 రావాలి. మరి బ్యాటరీ ఎందుకు ఆకలితో చచ్చింది? 2024 డిసెంబరు సెలవులకు పోతూ ల్యాబు నుంచి డి.సి. కొలిచే క్లాంపు మీటరు అడిగి తీసుకుపోయాను. పరీక్ష చాలా సులువు, ఎవరైనా చేయవచ్చును. బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు, మంచి ఎండలో, ప్లేటు నుంచి పెట్టెలోకి పోయే తీగె మీద ఒకసారి, పెట్టె నుంచి బ్యాటరీకి పోయే తీగె మీద ఒకసారి కరెంటు కొలవాలి. పెట్టెలో గేరు ఉంటే బయటికి వచ్చేది లోపలికి పోయేదాని కన్నా ఎక్కువ ఉండాలి. మాకు లోపలికి 8.1, బయటికి 8.1. ప్లేటు కొనల దగ్గర వోల్టేజి చూస్తే 13.4. బ్యాటరీ దగ్గర 13.1. ఇంకేముంది, నేరుగా కలిపేసి కూర్చుంది. విప్పి చూస్తే తీగ చుట్ట లేనే లేదు. నాలుగు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న చిప్పు, అంతే. పైన యం.పి.పి.టి., లోన పి.డబ్ల్యు.యం.

నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే అక్షరాలు కొన్నామన్నమాట" అన్నాడు.

అంగడాయన దగ్గరకు పోతే, "కంపెనీ నుంచి వచ్చిందే ఇచ్చినానప్పా, నేనేమన్నా లోపల దూరి చూసినానా" అన్నాడు. అదీ ఒక విధంగా నిజమే. ఆయనకు క్లాంపు మీటరు లేదు.

ఆ రాత్రి నోటుపుస్తకంలో లెక్క వేశాను. ఫ్యాను 25 వాట్లు పది గంటలు, బల్బులు 18 వాట్లు ఎనిమిది గంటలు, కంచె మిషను 5 వాట్లు పన్నెండు గంటలు, ఫోన్లకు ఇరవై. మొత్తం 475 వాట్-అవర్లు. బ్యాటరీలో పెట్టింది పెట్టినట్టు తిరిగి రాదు, ఐదో వంతు పోతుంది. కాబట్టి రోజుకు 590 పోయాలి. ఆ పెట్టె ఇచ్చేది 110 వాట్లు, మంచి ఎండ ఐదు గంటలకు సమానమనుకుంటే 550. అంటే నిండు ఎండలోనే నలభై లోటు. మబ్బు రోజుల్లో అందులో సగం. ప్రతిరోజూ అర్ధాకలితో ఉన్న లెడ్ ఆసిడ్ బ్యాటరీలో పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి పోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా కరగదు. మా బ్యాటరీ చచ్చింది ఒక్క రాత్రిలో కాదు, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా. పందులు పడిన రాత్రి మాకు తెలిసింది, అంతే. దీనిలో నా తప్పు కూడా ఉంది. ఈ లెక్క 2023లోనే వేయగలిగినవాణ్ణి. ఇంటర్ ఫిజిక్సు చాలు దీనికి.

ఇక్కడితో "కాబట్టి అందరూ అసలైన యం.పి.పి.టి.నే కొనండి" అని వ్రాసి ముగిస్తే వ్యాసం సగమే నిజమవుతుంది. మా పెద్దనాయన కొడుకు అమెరికాలో కొలరాడోలో ఉంటాడు. ఆ దేశంలో ఆర్వీలని ఇళ్ళలాంటి బండ్లు ఉంటాయి. లోపలే మంచం, పొయ్యి, ఫ్రిజ్జి. సెలవులొస్తే అందులోనే ఊళ్ళు తిరుగుతారు. పైకప్పు మీద సోలార్ ప్లేట్లు, లోపల బ్యాటరీలు, నడుమ మనం చెప్పుకుంటున్న పెట్టే. సంగతి విని అన్నయ్య ఫోనులో, "తమ్ముడూ, పి.డబ్ల్యు.యం. అనేది ఎక్కడున్నా పారేయండి. అది మార్చి మేము ముప్పై నలభై శాతం ఎక్కువ తెచ్చుకుంటున్నాం" అన్నాడు. ఈ మాట మా పక్కచేను మామ విన్నాడు. ఆయనకు 100 వాట్ల చిన్న ప్లేటు, ఆరువందల రూపాయల పి.డబ్ల్యు.యం. పెట్టె ఉన్నాయి. మర్నాడే పట్నం పోయి మార్చేస్తానని బయల్దేరాడు. నేను ఆపాను. ఎందుకో చెబుతాను. ఈ వ్యాసంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే.

మామ ప్లేటు 36 ఘటాలది. ఇది పన్నెండు వోల్టుల బ్యాటరీ కోసమే పుట్టిన ప్లేటు. దాని అంచు 18 వోల్టుల దగ్గర ఉంటుంది. మా మిద్దె ప్లేటులో 60 ఘటాలు, అంచు 30 దగ్గర. ఇది మొదటి తేడా. రెండోది వేడి. ప్లేటు మీద వ్రాసే అంకెలన్నీ ఘటాలు 25 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉన్నప్పటివి. అక్కడి నుంచి ప్రతి డిగ్రీ వేడికీ ఆ అంచు వోల్టేజి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. కొలరాడో చలికాలంలో ఎండలో ఉన్నా ఘటాలు 5 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. 18 వోల్టులు 19.4 అవుతుంది. బ్యాటరీ 12.8 దగ్గర ఉంటే నడుమ ఆరున్నర వోల్టుల వృథా. దాన్ని గేరు వేసి రాబట్టుకుంటే అన్నయ్య చెప్పిన నలభై శాతం వచ్చి తీరుతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. మరి మా కదిరి ఏప్రిల్‌లో? గాలే నలభై డిగ్రీలు దాటుతుంది. ప్లేటు అరవై ఐదుకు పోతుంది. 18 కాస్తా 15 అవుతుంది. బ్యాటరీ చార్జి ఎక్కుతూ 13.5, 14 దగ్గర ఉంటుంది. తీగెలో పోయేది పోగా నడుమ మిగిలేది ఒక వోల్టు. గేరు వేసుకోవడానికి ఎత్తే లేదు. మధ్యవర్తి తన కమిషను ఐదు శాతం తీసుకుంటే చేతికి వచ్చేది దాదాపు ఏమీ లేదు.

కాగితం లెక్క నమ్మి మామను ఆపితే రేపు నన్ను తిట్టుకుంటాడని కొలిచి చూశాను. అప్పటికి మేము అసలైన యం.పి.పి.టి. పెట్టె కొన్నాము. దాన్ని మామ ప్లేటుకు మార్చి మార్చి తగిలించాను. 2025 జనవరిలో పొద్దున ఎనిమిదిన్నరకు, చలి ఇంకా పోకముందు, పి.డబ్ల్యు.యం.తో 3.1 ఆంపియర్లు, యం.పి.పి.టి.తో 3.9. పావు వంతు పైగా లాభం. మామ నావైపు చూసి మీసం తిప్పాడు. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం, ప్లేటు వెనుక థర్మామీటరు 63 చూపుతుండగా, బ్యాటరీ 13.2 దగ్గర ఉన్నప్పుడు దీనితో 5.4, దానితో 5.7. బ్యాటరీ 14 దాటాక రెంటితోనూ 5.3 చిల్లరే. సంవత్సరం మొత్తం మీద మామకు పదిపదిహేను శాతం కలిసి వస్తుందేమో. దానికోసం నాలుగున్నర వేలు పెట్టేకన్నా, ఆ డబ్బుతో ఇంకొక 100 వాట్ల ప్లేటు తెచ్చి మొదటిదాని పక్కన సమాంతరంగా కలిపితే నూటికి నూరు శాతం పెరుగుతుంది. పెట్టె ఓర్చుకునే ఆంపియర్లు చూసుకోవాలి, అంతే.

అన్నయ్యకు ఆ వెసులుబాటు లేదు. ఆయన బండి పైకప్పు ఉన్నంతే ఉంటుంది. ఇంకొక ప్లేటుకు చోటు ఉండదు, ఉన్న ప్లేటు నుంచే చివరి చుక్క దాకా పిండుకోవాలి. మాకు చేనులో చోటుకు కొదవా? ఆయన సలహా ఆయన పైకప్పుకూ, ఆయన చలికీ సరైనది. పుస్తకాల్లో, వీడియోల్లో మనం చదివే చూసే పోలికలు చాలావరకు ఆ చలిదేశాల బండ్ల మీద కట్టినవే. వాటిలోని శాతాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి మన చేలలో నాటితే మొలవవు.

మా సంగతి మాత్రం వేరు. ప్లేటు 60 ఘటాలది. ఎంత ఎండకు కాగినా దాని అంచు 25 వోల్టుల కన్నా దిగదు, బ్యాటరీకి రెండింతలు ఉంటుంది. దీనికి యం.పి.పి.టి. లేకపోతే సగం పైగా మట్టిపాలే. కొత్త పెట్టె పెట్టి ఏప్రిల్‌లోనే కొలిస్తే ప్లేటు వైపు 25.6 వోల్టులు, 7.7 ఆంపియర్లు. బ్యాటరీ వైపు 13.4 వోల్టులు, 14 ఆంపియర్లు. అక్కడ 197 వాట్లు, ఇక్కడ 188. అదే ప్లేటు, అదే ఎండ, ముందు వచ్చినవి 110. నాయన మీటరు తన చేత్తో పట్టుకొని రెండుసార్లు చూశాడు. ఇప్పుడు మిద్దెల మీద వేసే 500 వాట్లు దాటిన పెద్ద ప్లేట్ల అంచు 40 వోల్టుల పైమాటే. ఎవరైనా అటువంటిది చవకగా వచ్చిందని 12 వోల్టుల బ్యాటరీకి పి.డబ్ల్యు.యం.తో కలిపితే మూడింట రెండు వంతులు గాలికి వదులుకున్నట్టే.

కొనేవారికి నేను గమనించిన రెండు మూడు మాటలు. పెట్టె వెనుక "గరిష్ఠ వోల్టేజి" అని ఒక అంకె ఉంటుంది. ప్లేటు కొనలు విడిగా ఉన్నప్పటి వోల్టేజి, మాదైతే 37.5, దానికన్నా బాగా తక్కువ ఉండాలి. చలి ఉదయాన అది ఇంకా పెరుగుతుంది. దాటితే పెట్టె కాలిపోతుంది. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు. విప్పేటప్పుడు ముందు ప్లేటు, తర్వాత బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్లేటు కలిపితే కొన్ని పెట్టెలు తికమకపడి చెడిపోతాయి. పెట్టెలో బ్యాటరీ రకం ఎంచుకునే మీట ఉంటే తప్పక సరిచూడండి. యాసిడ్ బ్యాటరీకి, జెల్ బ్యాటరీకి, ఈ మధ్య వస్తున్న లిథియం ఫాస్ఫేటు బ్యాటరీకి పట్టి ఉంచవలసిన వోల్టేజిలు ఒకటి కావు. వేడిని బట్టి వోల్టేజి తగ్గించే ఏర్పాటు ఉన్న పెట్టె మన ప్రాంతానికి మేలు. షెడ్డు 40 డిగ్రీలు ఉన్నప్పుడు యాసిడ్ బ్యాటరీకి 14.4 కాదు, సుమారు 14 చాలు. లేకపోతే నీరు త్వరగా తరుగుతుంది. ఇవన్నీ పి.డబ్ల్యు.యం.కైనా యం.పి.పి.టి.కైనా ఒకటే. మంచి పి.డబ్ల్యు.యం. పెట్టె, చెడ్డ యం.పి.పి.టి. పెట్టె కన్నా బ్యాటరీని ఎక్కువ కాలం బతికిస్తుంది.

కొత్త బ్యాటరీకీ, కొత్త పెట్టెకూ కలిపి అయిన ఖర్చు ముక్కాలెకరా నష్టం మీద అదనం. 2025 వానాకాలంలో కంచె ఒక్క రాత్రి కూడా ఆగలేదు. మబ్బు రోజుల్లో ఫ్యాను ఆపుకొమ్మని నాయనకు చెప్పాను. ఆపుకుంటాడో లేదో గానీ, ప్రతిరోజూ పొద్దున పెట్టె మీద అంకె చూసి నాకు ఫోనులో చెప్పడం మాత్రం మానలేదు. "ఈ పొద్దు పన్నెండు పాయింటు నాలుగు రా" అంటాడు. పక్కచేను మామ రెండో ప్లేటు వేసుకున్నాడు.

మోసం చేసిన పాత పెట్టెను మన ఫిజిక్సు ల్యాబుకు ఇచ్చాను. కిటికీ పక్క బల్ల మీద, 20 వాట్ల చిన్న ప్లేటు పక్కనే ఉంది. మూత స్క్రూలు వదులుగానే ఉంచాము. చూడదలచినవారు తీసి చూడవచ్చును. క్లాంపు మీటరు కావలిస్తే మాత్రం ల్యాబు అసిస్టెంటు గారి దగ్గర పుస్తకంలో సంతకం పెట్టాలి.